సిగ్నల్ సరిగా లేని ఊళ్ల నుంచి మెయిల్‌తో బ్లాగు పోస్టులు పెట్టడం ఎలా? (ఒకటి బ్లాగర్, ఒకటి వర్డ్‌ప్రెస్)

శిలాఫలకం అడిగిన ప్రశ్న

నమస్కారం అండి. పాత గుళ్లు, శాసనాలు, వీరగల్లుల (చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ల) ఫొటోలు తీసి వివరాలు రాసే బ్లాగులు రెండున్నాయి. ఒకటి బ్లాగర్‌లో ఉంది. రెండోది సొంత డొమైన్ మీద వర్డ్‌ప్రెస్, షేర్డ్ హోస్టింగ్, సీప్యానెల్ (హోస్టింగ్ సెట్టింగులు మార్చుకునే పేజీ) ఉంది. రాసేది ముగ్గురం. తిరిగే ఊళ్లలో సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప. డ్యాష్‌బోర్డు తెరుచుకోదు, తెరుచుకున్నా ఎడిటర్ తిరుగుతూనే ఉంటుంది. మెయిల్ అయితే ఔట్‌బాక్సులో కూర్చుని, ఎక్కడో ఒకచోట సిగ్నల్ తగలగానే తనంతట తనే వెళ్లిపోతుంది. అందుకే మెయిల్ నుంచే పోస్టు పెట్టే దారి కావాలి.

తెలుసుకోవాల్సినవి ఇవీ: రెండింటిలో సెట్టింగులు ఎక్కడ ఉంటాయి? ముగ్గురి పోస్టులు ఎవరి పేరుతో వాళ్లకి పడతాయా? పోస్టుకి అయిదారు ఫొటోలు ఉంటాయి, అవి వెళ్తాయా? తెలుగు శీర్షిక పెడితే లింకు ఏమవుతుంది? బయటివాళ్లు మెయిల్ పంపి మన బ్లాగులో ఏదైనా పెట్టేసే ప్రమాదం ఉందా?

తాళపత్రం

ముందు బ్లాగర్ సంగతి చెప్తాను, అది తేలిక.

బ్లాగర్ సెట్టింగ్స్‌లో ఈమెయిల్ అనే విభాగానికి వెళ్లండి. అక్కడ మెయిల్ ద్వారా పోస్టు చేయడం అనేది ఉంటుంది. నొక్కితే మూడు దారులు కనిపిస్తాయి: వద్దు, వచ్చిన వెంటనే ప్రచురించు, డ్రాఫ్టుగా దాచు. కింద ఒక రహస్య పదం అడుగుతుంది. మీ యూజర్ పేరు, చుక్క, ఆ రహస్య పదం, ఆ తర్వాత ఎట్ బ్లాగర్ డాట్ కామ్. ఇదే మీ పోస్టింగ్ చిరునామా. మెయిల్ సబ్జెక్టు శీర్షిక అవుతుంది, లోపలి మాటలు పోస్టు అవుతాయి, జత చేసిన ఫొటోలు కూడా పోస్టులోకి వస్తాయి.

మెయిల్ ఎవరు పంపారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ చిరునామా తెలిసిన వాళ్లెవరైనా పోస్టు పెట్టగలరు. అంటే అది చిరునామా కాదు, పాస్‌వర్డు. రహస్య పదంగా ఊరి పేరో బ్లాగు పేరో పెట్టకండి. పది పన్నెండు అక్షరాలు అంకెలు గజిబిజిగా కలిపి పెట్టండి. బయటపడిందని అనుమానం వస్తే ఆ పదం మార్చేస్తే చాలు, పాత చిరునామాతో ఎవరూ ఏమీ చేయలేరు.

ఈ చిరునామాకి మెయిల్ ఒంటరిగానే పంపాలి. "మిగతా ఇద్దరికీ కూడా తెలుస్తుంది కదా" అని వాళ్లని కూడా అదే మెయిల్లో కలిపారనుకోండి, వాళ్లలో ఒకరు "బాగుంది, మూడో ఫొటో తీసేయ్" అని అందరికీ రిప్లై నొక్కితే ఆ రిప్లై కూడా బ్లాగులో పోస్టయి కూర్చుంటుంది. ఇంకొకటి, ఫోన్ మెయిల్ యాప్‌లో రెండక్షరాలు కొట్టగానే పాత చిరునామాలు సూచనగా వస్తాయి. పొరపాటున ఇది తగిలితే ఇంటి సంగతులు బ్లాగెక్కుతాయి. కాంటాక్టుల్లో ఈ చిరునామాని మామూలుగా ఎవరికీ కొట్టని అక్షరంతో మొదలయ్యే పేరుతో దాచండి. "ఝ పోస్టింగ్" లాంటిది.

మెయిల్ చివర సంతకం ఉంటుంది కదా, లేదంటే "నా ఫోన్ నుంచి పంపబడింది" అనే లైను. అది పోస్టులోకి రాకూడదంటే, పోస్టు ముగిసిన చోట కొత్త లైనులో హ్యాష్ గుర్తు వేసి, ఖాళీ లేకుండా, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఎండ్ అని కొట్టండి. దాని కింద ఉన్నది పోస్టులోకి రాదు. ఆఫీసు మెయిళ్లకి సర్వరే కింద పొడుగాటి హెచ్చరిక అంటిస్తుంది, అలాంటి ఐడీల నుంచి పంపేవాళ్లకి ఇది తప్పనిసరి.

బ్లాగర్‌లో మెయిల్ నుంచి లేబుళ్లు (పోస్టుల్ని విషయాలవారీగా విడదీసే పేర్లు) పెట్టే వీల్లేదు. ఒక్కో మనిషికీ ఒక్కో పోస్టింగ్ చిరునామా కావాలంటే ఆ ముగ్గురూ బ్లాగులో రచయితలుగా ఉండి, ఎవరి లాగిన్‌లో వాళ్లు రహస్య పదం పెట్టుకోవాలి. ఒకే చిరునామాని ముగ్గురూ వాడితే పోస్టులన్నీ ఒకరి పేరు మీదే పడతాయి.

మీ పనికి నా సలహా "డ్రాఫ్టుగా దాచు". ఊళ్లో ఉన్నవాళ్లు మెయిల్ పంపుతారు, పట్నంలో ఉన్నవాళ్లు డ్రాఫ్టు తెరిచి లేబుళ్లు పెట్టి, ఫొటోలు సర్ది, ప్రచురిస్తారు. శాసన పాఠంలో ఒక్క అక్షరం తప్పుపడినా ఇంకొకరు దాన్నే ఎత్తి రాసుకుంటారు, కాబట్టి రెండో కన్ను పడటం ఎలాగూ మంచిదే.

సర్వర్‌మేస్త్రి

వర్డ్‌ప్రెస్ వైపు మూడు దారులున్నాయి. మూడూ ఒకటి కావు, తేడా తెలిశాక ఎంచుకోండి.

మొదటిది వర్డ్‌ప్రెస్‌లోనే పుట్టుకతో ఉన్నది. సెట్టింగ్స్, రైటింగ్ పేజీలో కిందికి వెళ్తే మెయిల్ సర్వర్, పోర్టు, లాగిన్, పాస్‌వర్డు, డిఫాల్ట్ కేటగిరీ అడిగే గళ్లుంటాయి. సీప్యానెల్‌లో కొత్త మెయిల్ ఖాతా ఒకటి ఊహకందని పేరుతో తెరిచి, దాని వివరాలు ఇక్కడ ఇవ్వాలి. పాప్3 (పెట్టెలోంచి మెయిళ్లు దించుకునే పద్ధతి) మాత్రమే పనిచేస్తుంది. పోర్టు మామూలుగా 110 అని ఉంటుంది. ఎస్‌ఎస్‌ఎల్ (దారిలో ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతి) కావాలంటే సర్వర్ పేరు ముందు ఎస్‌ఎస్‌ఎల్, కోలన్, రెండు ఏటవాలు గీతలు చేర్చి పోర్టు 995 పెట్టాలి.

చాలామంది ఇక్కడిదాకా చేసి ఆగిపోతారు, పోస్టు రాదు. ఎందుకంటే వర్డ్‌ప్రెస్ తనంతట తాను ఆ మెయిల్ పెట్టెను తెరవదు. సైట్ చిరునామా చివర డబ్ల్యూపీ-మెయిల్ డాట్ పీహెచ్‌పీ అనే ఫైలు ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు తెరిచినప్పుడే మెయిళ్లు చూస్తుంది. అందుకని సీప్యానెల్‌లో క్రాన్ జాబ్స్‌లోకి (చెప్పిన వేళకి పనులు తనంతట తనే నడిపే చోటు) వెళ్లి 15 నిమిషాలకొకసారి డబ్ల్యూగెట్‌తో (వెబ్ పేజీని తెరిచే ఆదేశం) ఆ పేజీని తెరిచే పని పెట్టాలి. 5 నిమిషాల కంటే తక్కువ వ్యవధి పెట్టి లాభం లేదు. 300 సెకన్లలోపు మళ్లీ తెరిస్తే మెయిల్ చూడకుండానే వెనక్కి పంపుతుంది. డబ్ల్యూగెట్‌కి అవుట్‌పుట్ ఎక్కడ పారేయాలో చెప్పడం మరవొద్దు. చెప్పకపోతే తెరిచిన ప్రతిసారీ ఆ పేజీని మీ హోమ్ ఫోల్డర్లో ఒక ఫైలుగా దాచి, చివర .1, .2, .3 అంటూ పేర్చుకుంటూ పోతుంది. రోజుకి 96 ఫైళ్లు.

పంపిన మెయిల్ ఐడీ వర్డ్‌ప్రెస్‌లోని ఒక యూజర్ ఐడీతో సరిపోలితే పోస్టు ఆ యూజర్ పేరు మీద పడుతుంది. అతనికి ప్రచురించే హక్కు ఉంటే వెంటనే ప్రచురితమవుతుంది, లేకపోతే పెండింగ్‌లో ఉంటుంది. ఐడీ ఎవరితోనూ సరిపోలకపోతే మొదటి యూజర్ పేరుతో పెండింగ్‌లో పడుతుంది. కాబట్టి ఆ పెట్టెకి చెత్త మెయిళ్లు వస్తే పెండింగ్ వరుసంతా చెత్తే. పోస్టు చేశాక మెయిల్‌ని పెట్టెలోంచి చెరిపేస్తుంది కూడా, మీ సొంత మెయిల్ ఖాతాని పొరపాటున కూడా ఇక్కడ ఇవ్వకండి.

ఈ దారికి రెండు పెద్ద లోపాలు. జత చేసిన ఫొటోలు రావు. రెండోది తెలుగుకి సంబంధించింది. తెలుగు మెయిళ్లని మెయిల్ సర్వీసులు తరచుగా బేస్64 అనే పద్ధతిలో చుట్టి పంపుతాయి. ఆ చుట్ట విప్పకుండానే పోస్టయిందంటే ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాలు, అంకెలు కలిసిన ఒక దిమ్మ కనిపిస్తుంది. గుర్తుపట్టడం సులువు: తెలుగు అచ్చుతోనో హల్లుతోనో మొదలైన పోస్టయితే ఆ దిమ్మ 4 అంకె, పెద్ద ఎల్, పెద్ద సీతో మొదలవుతుంది. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని కంప్యూటర్ దాచుకునే పద్ధతి) తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు, బేస్64లో అది సరిగ్గా 4 గుర్తులవుతుంది, అచ్చులూ హల్లులన్నిటికీ మొదటి మూడు గుర్తులూ అవే. అది చూశాక ఫాంటు గురించి, కీబోర్డు గురించి వెతుక్కోనక్కర్లేదు. మీరు రాసింది చెడిపోలేదు, విప్పలేదు అంతే.

రెండో దారి జెట్‌ప్యాక్ అనే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించుకునే ప్రోగ్రాం). జెట్‌ప్యాక్ సెట్టింగ్స్, రైటింగ్‌లో మెయిల్ ద్వారా పోస్టు చేసే మీట ఉంటుంది. ఆన్ చేస్తే గజిబిజి అక్షరాలతో ఒక చిరునామా తయారుచేసి ఇస్తుంది. ప్రతి యూజరూ తన వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఖాతాని కలుపుకుని తన చిరునామా తాను తీసుకోవాలి, అప్పుడే ఎవరి పోస్టు వాళ్ల పేరుతో పడుతుంది. చిరునామా పొక్కితే పక్కనే మళ్లీ తయారుచేసే బటన్ ఉంటుంది. ఫొటోలు వస్తాయి. క్రాన్ అక్కర్లేదు. కాకపోతే సెక్యూరిటీ ప్లగిన్‌లో ఎక్స్‌ఎమ్‌ఎల్-ఆర్‌పీసీని (బయటి సర్వర్లు మీ సైట్‌తో మాట్లాడే దారి) మూసేసి ఉంటే జెట్‌ప్యాక్ మీ సైట్‌తో మాట్లాడలేదు, మెయిళ్లు వెళ్తాయి గానీ పోస్టులు రావు. ముందు అది చూసుకోండి.

జెట్‌ప్యాక్‌లో అసలు సౌకర్యం షార్ట్‌కోడ్లు, అంటే చిన్న ఆదేశాలు. మెయిల్ లోపల చదరపు బ్రాకెట్లలో రాయాలి. ఇక్కడ తెలుగు లిపిలో చెప్తున్నాను, మెయిల్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. [స్టేటస్ డ్రాఫ్ట్] అంటే డ్రాఫ్టుగా ఉంచుతుంది. [కేటగిరీ ...], [ట్యాగ్స్ ...] తర్వాత పేర్లు కామాలతో. [డిలే +1 అవర్] అంటే గంట ఆగి ప్రచురిస్తుంది. [కామెంట్స్ ఆఫ్] అంటే వ్యాఖ్యలు మూస్తుంది. [ఎండ్] అంటే అక్కడితో ఆపేస్తుంది, సంతకాలకి ఇదే మందు. ఎక్కువ ఫొటోలు జత చేస్తే గ్యాలరీగా పేరుస్తుంది. విడివిడిగా కావాలంటే [నోగ్యాలరీ].

మూడో దారి పోస్టీ అనే ప్లగిన్. మొదటి దారిలాగే మీ సొంత మెయిల్ పెట్టెను వాడుతుంది, కానీ ఐమ్యాప్ (మెయిల్ పెట్టె తెరిచే ఇంకో పద్ధతి) తెలుసు, ఫొటోలు తెలుసు, ఎవరెవరి మెయిళ్లు తీసుకోవాలో జాబితా ఇవ్వొచ్చు. వేరే కంపెనీ సర్వర్ మీద ఆధారపడటం ఇష్టం లేనివాళ్లకి ఇదే సరైనది. ఇది వర్డ్‌ప్రెస్ లోపలి క్రాన్ మీద నడుస్తుంది, ఆ క్రాన్ ఎవరైనా సైట్ తెరిచినప్పుడే కదులుతుంది. రోజుకి పదిమంది వచ్చే సైట్ అయితే పొద్దున పంపిన మెయిల్ మధ్యాహ్నానికి పోస్టవుతుంది. సీప్యానెల్ క్రాన్‌తో డబ్ల్యూపీ-క్రాన్ డాట్ పీహెచ్‌పీని 15 నిమిషాలకోసారి తెరిపిస్తే ఆ బాధ ఉండదు.

మీకు జెట్‌ప్యాక్ చాలు. ముగ్గురు మనుషులు, ఫొటోలు, తెలుగు, ఇవన్నీ తక్కువ శ్రమతో కుదిరేది అందులోనే.

కెమెరాసంచి

ఫొటోల గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మీ మెయిళ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఫోన్ ఫొటో ఒక్కోటి 4, 5 ఎంబీ ఉంటుంది. ఆరు ఫొటోలంటే దాదాపు 30 ఎంబీ. జీమెయిల్‌లో జత చేసే ఫైళ్ల పరిమితి మొత్తం 25 ఎంబీ. అది దాటితే ఫైలుని డ్రైవ్‌లో పెట్టి మెయిల్లో లింకు మాత్రం పంపుతుంది, పోస్టులో ఫొటో బదులు ఆ లింకు కనిపిస్తుంది. పైగా జతచేసిన ఫైలు మెయిల్లో బేస్64లోకి మారినప్పుడు మూడో వంతు పెరుగుతుంది. 3 ఎంబీ ఫొటో దారిలో 4 ఎంబీ. ఒక గీత సిగ్నల్ మీద అది సగంలో తెగి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

పంపే ముందే పొడుగు వైపు 1600 పిక్సెళ్లకి తగ్గించండి, జేపెగ్ నాణ్యత 80 దగ్గర ఉంచండి. ఒక్కోటి అర ఎంబీ చుట్టుపక్కల వస్తుంది, ఆరు కలిపినా 3, 4 ఎంబీ. తెర మీద చదవడానికి చాలు. శాసనం అక్షరాలు దగ్గరగా కనిపించాలంటే మొత్తం రాయి ఫొటో ఒకటి, కావలసిన పంక్తుల వరకు కత్తిరించిన ముక్క ఒకటి పంపండి. పెద్ద ఫొటో ఒకటి పంపడం కంటే అది తేలిక, చదివేవాళ్లకీ మేలు. అసలు ఫొటోలు ఫోన్లోనే ఉంచి ఇంటికొచ్చాక భద్రపరచుకోండి.

సర్వర్ వైపు కూడా చిన్న ఫొటోలే నయం. 4000 × 3000 ఫొటో ఫైలుగా 4 ఎంబీయే కావచ్చు, కానీ సర్వర్ దాన్ని విప్పి చిన్న సైజులు చేసేటప్పుడు పిక్సెల్‌కి 4 బైట్ల లెక్కన 48 ఎంబీ మెమరీ తింటుంది. షేర్డ్ హోస్టింగ్‌లో ఆ పని మధ్యలో చచ్చిపోతే పోస్టు వస్తుంది, ఫొటో రాదు.

ఐఫోన్ వాడేవాళ్లు కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్‌లోకి వెళ్లి ఎక్కువ పరికరాలకి పనికొచ్చేది ఎంచుకోండి, ఫొటోలు జేపెగ్‌లో వస్తాయి. ఐఫోన్ మామూలుగా తీసే హైక్ (HEIC) ఫైలుగా వెళ్తే చాలా బ్రౌజర్లు చూపించలేవు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది. ఫోన్ ఫొటో లోపల అది తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉంటుంది. మెయిల్లో జత చేసినప్పుడు అది చెక్కుచెదరకుండా వెళ్తుంది. పొలం గట్టున కాపలా లేకుండా ఉన్న విగ్రహం ఫొటో అలా పెడితే, దొంగకి మీరే దారి చూపించినట్టు. కెమెరా యాప్ సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి. మీ నమోదు కోసం చోటు కావాలంటే విడిగా నోటుబుక్కులో రాసుకోండి. ఇప్పటికే తీసినవాటికైతే, ఫొటో సవరించే యాప్‌లో సైజు తగ్గించి కొత్త ఫైలుగా దాచేటప్పుడు ఆ వివరం పోయిందో లేదో ఫొటో వివరాల పేజీలో ఒకసారి చూసి పంపండి, కొన్ని యాప్‌లు అలాగే ఉంచేస్తాయి. జెట్‌ప్యాక్‌లో [జియోట్యాగ్ ఆఫ్] అని ఒకటుంది, కానీ అది పోస్టు చోటు కోసం. ఫొటో ఫైలు లోపల ఉన్నదాన్ని అది చెరపదు.

శిలాఫలకం

చాలా ఉపయోగంగా ఉందండి, ముఖ్యంగా లొకేషన్ మాట. వీరగల్లులు చాలావరకు చెరువు గట్ల మీద, చింతచెట్ల కింద ఒంటరిగానే ఉంటాయి. ఈరోజే ముగ్గురి ఫోన్లలోనూ ఆపేస్తాం.

లింకు సంగతి మిగిలింది. శీర్షికలు తెలుగులోనే ఉండాలి. ఇంకొకటి, మెయిల్లో రాసింది పోస్టులో రకరకాల ఫాంటు సైజుల్లో పడుతుందని విన్నాను. జీమెయిల్‌లో సాదా టెక్స్ట్ పెట్టుకుంటే సరిపోతుందా?

అక్షరాలపెట్టె

సాదా టెక్స్ట్ పెట్టకండి. అలా పంపినప్పుడు జీమెయిల్ దాదాపు 78 గుర్తులకొకసారి లైను విరిచేస్తుంది. ఆ విరుపులు పోస్టులోకి వచ్చి, పేరా మధ్యలో లైన్లు ఎక్కడపడితే అక్కడ తెగుతాయి. ఫోన్లో చూస్తే మెట్లు మెట్లుగా ఉంటుంది. మామూలు పద్ధతిలోనే ఉంచి, వేరేచోట రాసినదాన్ని అతికించేటప్పుడు ఫార్మాటింగ్ లేకుండా అతికించండి. కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, వీ. ఫోన్లో అయితే నోట్స్ యాప్‌లో రాసి అక్కడి నుంచి తెచ్చుకోండి. వేరే వెబ్ పేజీ నుంచి నేరుగా కాపీ చేసిన ముక్కలే ఫాంటు సైజులు మోసుకొస్తాయి. ఫార్వర్డు చేసిన మెయిల్ పంపితే శీర్షికకి ముందు ఎఫ్‌డబ్ల్యూడీ అని కూడా అంటుకుంటుంది, కొత్త మెయిల్‌గానే రాయండి.

లింకుల విషయంలో రెండు సైట్లూ రెండు రకాలు.

బ్లాగర్ శీర్షికలోని ఇంగ్లీషు అక్షరాల నుంచే లింకు తయారుచేస్తుంది. శీర్షిక మొత్తం తెలుగైతే లింకు చివర ఉత్తి "బ్లాగ్-పోస్ట్" అని వస్తుంది, తర్వాతి వాటికి దాని వెనక ఏదో అంకె. నూరు పోస్టులయ్యాక ఏది ఏ ఊరిదో లింకు చూసి చెప్పలేరు. మెయిల్లో లింకు విడిగా ఇచ్చే ఏర్పాటు లేదు. డ్రాఫ్టు పద్ధతి పెట్టుకుంటే ప్రచురించే ముందు పక్క ప్యానెల్‌లో పర్మాలింక్ మీరే ఇవ్వొచ్చు. వెంటనే ప్రచురించాల్సిన అవసరం ఉంటే సబ్జెక్టులో ఊరి పేరు, శాసనం రకం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపండి, లింకు దాన్నిబట్టి స్థిరపడిపోతుంది. తర్వాత తీరిగ్గా శీర్షికని తెలుగులోకి మార్చుకోండి. ప్రచురించాక శీర్షిక మార్చినా లింకు మారదు.

వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికతోనే లింకు చేస్తుంది, కానీ లోపల దాన్ని శాతం గుర్తులతో రాసుకుంటుంది. ఒక్కో తెలుగు గుర్తుకి 9 స్థానాలు పడతాయి. లింకుకి కేటాయించిన చోటు 200 స్థానాలు. అంటే 22 తెలుగు గుర్తులు దాటగానే తెగిపోతుంది. ఇక్కడ గుర్తు అంటే మనం చదివే అక్షరం కాదు, గుణింతమూ పొల్లూ విడివిడిగా లెక్కకొస్తాయి. "శ్రీ" మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి శ, పొల్లు, ర, దీర్ఘం, నాలుగు. అదొక్కటే 36 స్థానాలు తింటుంది. "లక్ష్మి" ఏడు గుర్తులు, 63 స్థానాలు. "శ్రీ లక్ష్మీనరసింహస్వామి" అని మొదలుపెడితే స్వామి అనే మాట పూర్తవకుండానే చోటు అయిపోతుంది. పైగా అలాంటి లింకుని వాట్సాప్‌లో పంపితే అరపేజీ శాతం గుర్తులు కనిపిస్తాయి, ఎవరూ నొక్కరు.

జెట్‌ప్యాక్‌లో దీనికి [స్లగ్ ...] షార్ట్‌కోడ్ ఉంది. స్లగ్ అనే మాట తర్వాత ఖాళీ వదిలి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఊరి పేరు, అడ్డగీత, విషయం కొట్టండి. శీర్షిక తెలుగులో ఉంటుంది, లింకు చిన్నగా ఉంటుంది. ముగ్గురూ ఒకే వరస పాటిస్తే, అంటే ముందు ఊరు, తర్వాత వస్తువు, వెతుక్కోవడం కూడా తేలిక.

మీరు ఫోన్ నోట్స్‌లో ఒక నమూనా దాచుకోవచ్చు. పైన [స్టేటస్ డ్రాఫ్ట్], [కేటగిరీ], [ట్యాగ్స్], [స్లగ్] నాలుగు లైన్లు, మధ్యలో పోస్టు, కింద [ఎండ్]. ఊళ్లో దాన్ని మెయిల్లోకి కాపీ చేసి ఖాళీలు నింపితే సరి. ఒక్క జాగ్రత్త: తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండగా షార్ట్‌కోడ్ కొడితే మాట తెలుగులోకి మారుతుంది, లేదా వాక్యం మొదలనుకుని మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది. అప్పుడు అది షార్ట్‌కోడ్‌గా పనిచేయకుండా పోస్టులో మామూలు మాటగా కనిపిస్తుంది. నమూనా నుంచి కాపీ చేయడంలో లాభం అదే.

సర్వర్‌మేస్త్రి

పంపినవారి ఐడీ చూసి తీసుకునే పద్ధతుల గురించి ఒకటి చేర్చాలి. మెయిల్లో "ఎవరి నుంచి" అనే గడిని ఎవరైనా తమకి నచ్చినట్టు రాసి పంపగలరు. వర్డ్‌ప్రెస్ పుట్టుకతో ఉన్న దారి, పోస్టీ, రెండూ ఆ గడినే చూస్తాయి. మీ ఐడీ మీ సైట్ మీద సంప్రదించండి పేజీలో అందరికీ కనిపిస్తోంది అనుకోండి, పోస్టింగ్ పెట్టె పేరు కూడా ఊహించగలిగేదైతే ఇంక అడ్డేమీ లేదు. రక్షణ ఎప్పుడూ పెట్టె పేరు రహస్యంగా ఉండటంలోనే ఉంది. యూజర్లకి కంట్రిబ్యూటర్ హక్కు (రాయగలరు, ప్రచురించలేరు) మాత్రమే ఇస్తే, మొదటి దారిలో వాళ్ల మెయిళ్లన్నీ పెండింగ్‌లోనే ఆగుతాయి. ఒక్కరికి ఎడిటర్ హక్కు ఉంచుకోండి.

ఊరికి బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తెలుగు శీర్షికతో, రెండు ఫొటోలతో, సంతకంతో సహా మెయిల్ పంపండి. అది ఔట్‌బాక్సులో ఆగిందో లేదో చూడండి. తర్వాత ఏరోప్లేన్ మోడ్ తీసేసి వేరేపని చూసుకోండి, యాప్‌ని మళ్లీ తెరవకండి. కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఆదా చేసే అమరిక మెయిల్ యాప్‌ని వెనకాల నడవనివ్వదు, సిగ్నల్ వచ్చినా మీరు యాప్ తెరిచేదాకా మెయిల్ కదలదు. అలా ఆగితే ఆ యాప్ ఒక్కదానికి బ్యాటరీ నియంత్రణ తీసేయండి.